ఒక సంతకం, ఆరు నెలల గడువు: ఆర్కన్సా నది ఒడ్డున నిలబడి యానాం గురించి

పోయిన వారం ఎపిసోడ్ విన్నవాళ్ళు చాలామంది ఒకే ప్రశ్న పంపారు: "అన్నా, బెంటన్‌విల్‌లో కూర్చుని యానాం ఎందుకు గుర్తొచ్చింది?" ఎపిసోడ్‌లో టైమ్ చాలక సగమే చెప్పాను. ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా పెట్టాం, ఇది దానికి తోడు. అక్కడ వదిలేసిన సంగతులు, తేదీలు, మా మావయ్యతో ఫోన్‌లో మాట్లాడిన ముక్కలు కొన్ని ఇందులో ఉన్నాయి.

మాది తాళ్ళరేవు దగ్గర పల్లెటూరు. అమ్మ పుట్టిల్లు యానాం. మధ్యలో ఉన్నది పట్టున పది కిలోమీటర్లు కూడా కాదు గానీ, చిన్నప్పుడు సెలవులకి వెళ్తుంటే వేరే రాష్ట్రంలోకి వెళ్తున్నామని గొప్పగా ఉండేది. బండ్ల మీద నంబర్ ప్లేట్లు మారిపోయేవి, బ్రాందీ షాపుల బోర్డులు పెరిగిపోయేవి. అంతకు మించి తేడా ఏమీ కనపడేది కాదు. అదే గోదారి, అదే యాస, అవే "ఆయ్"లు.

ఇక అసలు కథ. మొన్న లాంగ్ వీకెండ్‌కి ఎక్కడికన్నా పోదామంటే పిల్లలు బ్రాన్సన్ అన్నారు. నేను మాత్రం పంతం పట్టి ఆర్కన్సా పోస్ట్ అనే చోటుకి తీసుకెళ్ళాను. బెంటన్‌విల్ నుంచి ఐదు గంటల డ్రైవు. లిటిల్ రాక్ దాటి ఆగ్నేయంగా దిగితే స్టుట్‌గార్ట్ అనే ఊరు వస్తుంది. అక్కడి నుంచి చూడాలి మీరు, అన్నీ వరి చేలే! అమెరికాలో పండే బియ్యంలో దాదాపు సగం ఈ ఆర్కన్సా రాష్ట్రంలోనే పండుతుంది. బెంటన్‌విల్‌లో పదేళ్ళ నుంచి ఉంటున్నవాళ్ళకి కూడా ఈ సంగతి తెలియదు, ఎందుకంటే మన వైపు అంతా ఓజార్క్ కొండలే. గట్లు, కాలవలు, నీళ్ళు నిలిచిన మడులు చూసి మా ఆవిడ "ఇదేంటండీ, మండపేట వచ్చేశామా" అంది.

ఆ చేల చివర, నది ఒడ్డున, ఆర్కన్సా పోస్ట్. ఇప్పుడక్కడ ఊరు లేదు. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ చిన్న మ్యూజియం, గడ్డి మైదానం, నీళ్ళు, పక్షులు, ఇంతే. మా చిన్నాడు "ఇదా చూపించడానికి తెచ్చావ్" అన్నట్టు మొహం పెట్టాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తా.

1686లో హెన్రీ ద తోంతీ అనే ఆయన, ఫ్రెంచి రాజు కొలువులో పనిచేసే ఇటలీ మనిషి, క్వాపా అనే తెగ వాళ్ళ ఊరి పక్కన ఒక వర్తకపు దుకాణం పెట్టించాడు. మిసిసిపీ దిగువ లోయలో యూరప్ వాళ్ళు వేసిన మొదటి స్థావరం ఇదే. తోళ్ళు, ఎలుగు కొవ్వు, ఉప్పు కొనడం, గుడ్డలు, తుపాకులు అమ్మడం అక్కడి వ్యాపారం. వరదలకి ఆ ఊరు ఒకచోట నిలవలేదు. మునిగినప్పుడల్లా పైకో కిందకో జరుపుకున్నారు. లంక గ్రామాల వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఫ్రెంచి ఊరు కదా, మరి స్పెయిన్ ఊరెలా అయింది? యూరప్‌లో ఒక కాగితం మీద సంతకం పడింది. ఏడేళ్ళ యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయింది. 1762లో రహస్యంగా మిసిసిపీకి పడమటి వైపు లూసియానా మొత్తాన్ని స్పెయిన్‌కి ఇచ్చేసింది. తూర్పు వైపుది 1763 ఫిబ్రవరి 10న పారిస్ ఒప్పందంలో ఇంగ్లీషు వాళ్ళకి పోయింది. దాంతో ఆర్కన్సా నది ఒడ్డున ఉన్న ఈ కొన్ని పదుల కుటుంబాలు, నిద్ర లేచేసరికి అన్నట్టు, స్పెయిన్ రాజు మనుషులైపోయారు. కోటకి పేరు కార్లోస్ 3 అయింది. వాళ్ళు మాత్రం ఫ్రెంచే మాట్లాడుకున్నారు, ఫ్రెంచి పేర్లే పెట్టుకున్నారు. స్పెయిన్ తరఫున వచ్చిన కమాండెంట్లలో బల్తజార్ ద విల్లియే లాంటి వాళ్ళు కూడా ఫ్రెంచి వాళ్ళే. ఆయనే 1779లో వరదలు భరించలేక ఊరిని ఎత్తైన ఎర్రమట్టి గట్టు మీదకి మార్పించాడు.

ఇక్కడ ఆగండి. అదే 1763 పారిస్ ఒప్పందంలో ఇంకో వాక్యం ఉంది. ఇండియాలో ఫ్రెంచి వాళ్ళు పోగొట్టుకున్న కోఠీలు తిరిగి వాళ్ళకే ఇవ్వాలని. వాటిలో పుదుచ్చేరి ఉంది, కారైకాల్ ఉంది, మాహే ఉంది, చందర్‌నగర్ ఉంది, మన యానాం ఉంది. యానాం చేతులు మారడానికి దారి తీసిన యుద్ధం పిఠాపురం పక్కన చెందుర్తి దగ్గర 1758 డిసెంబర్‌లో జరిగింది. కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు సేన, విజయనగరం వాళ్ళ సాయంతో, ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి వాళ్ళ ఆట దాంతో ముగిసింది. అంటే పిఠాపురం చేలల్లో కొట్లాట, కెనడాలో కొట్లాట, అన్నీ ఒక యుద్ధంలోవే. అన్నిటి లెక్క ఒకే బల్ల మీద తేల్చారు. ఆ బల్ల దగ్గర క్వాపా వాళ్ళు లేరు, గోదారి జిల్లా వాళ్ళూ లేరు.

మ్యూజియంలో ఆ తేదీ చూసి నేను ఫోన్ తీసి మావయ్యకి కాల్ చేశాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది.

"ఏరా అబ్బాయ్, ఈ టైములో? అంతా బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాం మావయ్యా. మీరు పడుకున్నారేమో అనుకున్నా. తాతయ్య ఫ్రెంచి కాగితం సంగతి ఒకసారి మళ్ళీ చెప్తారా?"

"ఆ పాత గోల ఇప్పుడెందుకురా నీకు?"

ఆ పాత గోల చెప్పాలంటే ముందు ఊరి సంగతి చెప్పాలి.

యానాం గౌతమీ గోదావరి ఒడ్డున, కోరింగ పాయ గౌతమి నుంచి విడిపోయే చోట ఉంటుంది. సముద్రం దగ్గరే. కాకినాడ ముప్పై కిలోమీటర్ల లోపు, పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. మొత్తం విస్తీర్ణం ముప్పై చదరపు కిలోమీటర్లని చెప్తారు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతపు ముక్క. పుదుచ్చేరి అసెంబ్లీలో యానాంకి ఒక సీటు. అక్కడి ప్రభుత్వ భాష తమిళమైనా, యానాంలో తెలుగు వాడుకోవచ్చని 1965 చట్టంలోనే రాసి ఉంది.

ఫ్రెంచి వాళ్ళు, మన పాతకాలం వాళ్ళ మాటలో పరాసులు, 1723లో వచ్చారు. లాభం లేదని 1727లో వదిలేశారు. మళ్ళీ 1731లో వచ్చారు. వాళ్ళకి కావలసింది గుడ్డ. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన సన్నబట్టకి యూరప్‌లో గిరాకీ. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు వాళ్ళ కోఠీ కూడా దానికోసమే. నాలుగు అడుగుల దూరంలో రెండు కంపెనీలు, నేతగాళ్ళు ఒక్కరే. యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు వాళ్ళు యానాంని పట్టుకోవడం, ఒప్పందం అయ్యాక వదిలేయడం. 1778లో పట్టుకున్నారు, 1783 ఒప్పందం తర్వాత ఇచ్చారు. 1793లో మళ్ళీ పట్టుకున్నారు, నెపోలియన్ గొడవ అంతా సద్దుమణిగాక గానీ ఇవ్వలేదు.

ఆ 1783 దగ్గర కూడా నాకు ఆర్కన్సా పోస్ట్ తగిలింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఈ రాష్ట్రంలో జరిగిన ఒకే ఒక్క పోరాటం అక్కడే, ఆ ఏడు ఏప్రిల్ 17న. జేమ్స్ కోల్‌బర్ట్ అనే ఇంగ్లీషు పక్షపు మనిషి చికసా తెగ వాళ్ళతో తెల్లవారుజామున కోట మీద పడ్డాడు. గుప్పెడు మంది స్పెయిన్ సైనికులూ, నలుగురు క్వాపా వాళ్ళూ కేకలేస్తూ బయటికి దూకేసరికి దాడి చేసినవాళ్ళు పారిపోయారు. తమాషా ఏంటంటే, యూరప్‌లో జనవరిలోనే సంధి ఒప్పందం మీద సంతకాలైపోయాయి. ఆ కబురు నది మీద ఎక్కి వచ్చేసరికి మనుషులు పోయారు.

యానాంకి తిరిగొస్తా. మన పోడ్‌కాస్ట్ వినేవాళ్ళలో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు సగం మంది, కాబట్టి ఈ ముక్క మీకోసం. 1828లో యానాం నుంచి పదిహేను మంది తెలుగు కూలీలని ఓడెక్కించి రీయూనియన్ దీవికి, అప్పటి పేరు బుర్బోన్, చెరకు తోటల్లో పనికి పంపారు. బానిసత్వం ఫ్రెంచి దీవుల్లో 1848 దాకా రద్దవలేదు, అంటే వీళ్ళు వెళ్ళేటప్పటికి అక్కడ పక్క వరసలో బానిసలే పనిచేస్తున్నారు. చేతిలో కాంట్రాక్టు కాగితం ఉన్న మనుషుల్ని, కాగితం లేని మనుషుల మధ్య నిలబెట్టారు. యజమానికి రెండు రకాల వాళ్ళ మధ్య తేడా ఎంత కనపడి ఉంటుందో ఊహించుకోండి. తర్వాత ఏడాది రెండేళ్ళలో వేలల్లో పంపారు. జీతం సరిగా ఇవ్వట్లేదని, కొడుతున్నారని, ఒప్పుకున్న తిండి పెట్టట్లేదని గొడవలు. 1830ల మొదట్లోనే ఆపేయాల్సొచ్చింది, చాలామందిని వెనక్కి పంపేశారు. అక్కడి రికార్డుల్లో మనవాళ్ళని 'తెలింగా' అని రాసుకున్నారు. ఇంగ్లీషు, ఫ్రెంచి దీవులకి ఇండియా నుంచి లక్షల మందిని ఎక్కించిన గిర్మిట్ కూలీ పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది 1834 తర్వాత. దానికి ముందు ప్రయోగం చేసి చూసింది మన గోదారి వాళ్ళ మీద.

పక్కనే ఉన్న కోరింగ రేవుదీ అదే కథ. 1843లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ అక్కడి నుంచి తెలుగు వాళ్ళని మారిషస్‌కి తీసుకెళ్ళింది. బర్మాలో తెలుగు కూలీ అంటే చాలు, ఏ ఊరివాడైనా 'కోరంగీ' అనేవాళ్ళు. తిట్టులాగే వాడేవాళ్ళు ఆ మాటని. ఈ రోజు మారిషస్‌లో ఉగాది సెలవు రోజు. కోరింగ రేవు మాత్రం లేదు. 1839 నవంబర్ తుఫానులో ఉప్పెన వచ్చి దాన్ని ఊడ్చేసింది, యానాంనీ ముంచింది. తర్వాత గోదారి మట్టి మేటేసి ఓడలు రాకుండా చేసింది, వ్యాపారం కాకినాడకి పోయింది.

ఓడలు పోయాక యానాంకి మిగిలింది ఏంటంటే, సరిహద్దు. చుట్టూ ఇంగ్లీషు చట్టం, లోపల ఫ్రెంచి చట్టం. ఆ తేడాని అమ్ముకుని బతికింది ఊరు. మంగళవారం సంతకి చుట్టుపక్కల జనం సుంకం లేని సరుకు కోసం వచ్చేవాళ్ళు. ఇప్పుడు మందు కోసం, తక్కువ టాక్స్‌తో బండి రిజిస్ట్రేషన్ కోసం వస్తున్నారు కదా, ఇదేం కొత్త కాదు. రెండు వందల ఏళ్ళ అలవాటు.

ఆ తేడా వ్యాపారంలో అన్నిటికన్నా బాధ కలిగించేది పెళ్ళిళ్ళది. 1929లో శారదా చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. యానాంలో ఆ చట్టం లేదు. దాంతో మద్రాసు రాజధానిలోని కుటుంబాలు పిల్లల్ని బళ్ళలో ఎక్కించుకుని యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుని పోయేవాళ్ళు. ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. మీసాల వెంకన్న గుడికి వెళ్తే ఆ పేరు ఇప్పటికీ ముచ్చటగా చెప్తారు. నాకు అది ముచ్చటగా అనిపించదు. మా అమ్మమ్మ వాళ్ళమ్మకి పెళ్ళైంది అలాగే, తొమ్మిదేళ్ళకి. పెళ్ళిలో బెల్లం ముక్క కోసం ఏడ్చానని ఆవిడ నవ్వుతూ చెప్పేదట.

అయితే ఆ తేడా ఒక్కోసారి మంచి వైపు కూడా తిరిగింది. 1871 తర్వాత ఫ్రెంచి ఇండియా నుంచి పారిస్ పార్లమెంటుకి ఒక ప్రతినిధిని ఎన్నుకునేవాళ్ళు. పక్కన ఇంజరంలో ఉన్న తెలుగువాడికి ఓటంటే ఏంటో తెలియని రోజుల్లో యానాంలో ఉన్న తెలుగువాడికి ఓటుంది. ఆ ఎన్నికలు ఎంత సక్రమంగా జరిగేవన్నది వేరే విషయం, రిగ్గింగుకి పేరు మోసినవే. 1881 సెప్టెంబర్ 21న ఇంకో డిక్రీ వచ్చింది. ఎవరైనా ఇష్టపడితే తన కుల, మత ఆచారపు చట్టాన్ని వదులుకుని, ఒక ఇంటిపేరు రాయించుకుని, పూర్తిగా ఫ్రెంచి సివిల్ కోడ్ కిందకి వెళ్ళిపోవచ్చు. ఎక్కువగా ముందుకొచ్చింది ఊరిబయట ఉంచిన కులాల వాళ్ళు, క్రైస్తవులు. ఎందుకు రారు? కాగితం మీద సంతకం పెడితే కులం పేరు పోయి వేరే పేరొస్తుందంటే నేనైనా పెడతాను. సమాజం ఆ కాగితాన్ని ఎంతవరకు గౌరవించిందన్నది వేరే ఎపిసోడ్.

(ఆర్కన్సా రాష్ట్రం పేరు చివర రాసిన 'స్'ని పలకకూడదని ఇక్కడి శాసనసభ తీర్మానం చేసింది కూడా 1881లోనే. ఫ్రెంచి వాళ్ళు పోయి ఎనభై ఏళ్ళైనా వాళ్ళ నాలుక మిగిలిపోయింది. మనం రోజూ అనే 'ఓజార్క్' కూడా ఫ్రెంచి 'ఓ జార్క్' నుంచే వచ్చిందంటారు.)

ఊరి మనుషుల గురించి ఒకట్రెండు మాటలు. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు కడియంలో పుట్టినా చదువుకున్నది, పెరిగింది యానాంలో. తర్వాతి కాలంలో కవి శిఖామణి గారిదీ ఈ ఊరే. చరిత్ర కావాలంటే బొల్లోజు బాబా గారు రాసిన 'ఫ్రెంచి పాలనలో యానాం' చదవండి, తెలుగులో ఈ విషయం మీద శ్రద్ధగా చేసిన పని అది. ఇక ఫరంపేటలో 1908లో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య గారు. ఫ్రెంచి పోలీసులో ఉద్యోగం చేసి, తర్వాత ఫ్రెంచి వాళ్ళనే పంపించే ఉద్యమంలోకి వచ్చాడు.

1947లో చుట్టూ ఉన్న ఇండియాకి స్వాతంత్ర్యం వచ్చింది. యానాంలో ఫ్రెంచి జెండా ఇంకో ఏడేళ్ళు ఎగిరింది. 1954లో సరిహద్దుల దగ్గర ఇండియా బిగించింది. రాకపోకలకి, సరుకులకి ఇబ్బంది. ఊళ్ళో రెండు పక్షాలు, ఒకే ఇంట్లో కూడా రెండు పక్షాలు. 1954 జూన్ 13న దడాల ఆధ్వర్యంలో కార్యకర్తలు ఊళ్ళోకి వచ్చి పాలన చేతిలోకి తీసుకున్నారు, ఫ్రెంచి జెండా దించేశారు. మేయరు మడింశెట్టి సత్యానందం గారు విలీనం వైపే ఉన్నారు. విలీనం కోరినవాళ్ళు దాన్ని విమోచన అన్నారు. ఫ్రెంచి పుస్తకాల్లో దాన్ని కుట్ర అని రాశారు. మా తాతయ్య మాత్రం "ఆ రోజు" అని మాత్రమే అనేవాడు. నవంబర్ 1న నాలుగు ప్రాంతాలూ ఇండియా చేతికొచ్చాయి. ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు ఒప్పుకోవడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. 1962 ఆగస్టు 16న చట్టప్రకారం యానాం ఇండియాది అయింది.

ఆ పన్నెండు రోజుల్లోనో పన్నెండు నెలల్లోనో కాదు, అసలు సంగతి ఆ తర్వాత ఆరు నెలల్లో జరిగింది. ఒప్పందంలో పౌరసత్వం గురించి కొన్ని నిబంధనలు ఉన్నాయి. సులువుగా చెప్తాను. ఫ్రెంచి ఇండియాలో పుట్టి, 1962 ఆగస్టు 16 నాడు అక్కడే కాపురమున్న ఫ్రెంచి పౌరుడు ఏమీ చేయకుండా ఊరుకుంటే భారతీయుడైపోతాడు. ఫ్రెంచిగానే ఉండాలంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడ పుట్టి, ఆ రోజున మిగతా ఇండియాలో ఉంటున్నవాడికీ అదే లెక్క. కానీ అక్కడ పుట్టి, ఆ రోజున ఇండియా బయట ఏ సైగాన్‌లోనో ఫ్రాన్సులోనో ఉన్నవాడు ఏమీ చేయకుండా ఊరుకుంటే ఫ్రెంచివాడిగానే ఉండిపోతాడు. భారతీయుడు కావాలంటే వాడు చెప్పాలి, అదే ఆరు నెలల్లో.

అంటే ఆ రోజు నువ్వు ఎక్కడ కాపురం ఉన్నావన్నదాన్ని బట్టి, చేతకానితనమో బద్ధకమో నీకు ఒక దేశాన్ని రాసిచ్చేసింది.

మా తాతయ్య వాళ్ళ అన్నయ్య సైగాన్‌లో గుమాస్తా. ఆయన ఏమీ చేయలేదు, ఫ్రెంచివాడయ్యాడు. మా తాతయ్య యానాంలో ఉన్నాడు. ఆయనా ఏమీ చేయలేదు, భారతీయుడయ్యాడు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, ఇద్దరూ ఊరుకున్నవాళ్ళే.

ఎపిసోడ్‌లో మావయ్య చెప్పిన ముక్క ఇది, ఉన్నదున్నట్టు:

"నాన్న ఎందుకు సంతకం పెట్టలేదు మావయ్యా?"

"ఎందుకేంట్రా. పొలం పోద్దన్నారు. ఫ్రెంచి కాగితం తీసుకున్నోడికి ఇక్కడ భూమి ఉండదని ఎవడో ఊళ్ళో పుట్టించాడు. నిజమో కాదో ఎవుడు చూశాడు? కాగితం ఫ్రెంచిలో ఉంది, నాన్నకి చదవడం వచ్చు, అయినా చదివినోడి మాట కంటే అరుగు మీద మాటే నమ్మాడు."

"ఆ కాగితం ఇంట్లోకి తెచ్చాడా?"

"తెచ్చాడు. పెట్టెలో పెట్టాడు. అమ్మ రోజూ అడిగేది, ఏం చేస్తారూ అని. ఫిబ్రవరి దాకా ఉందిగా అనేవోడు. ఫిబ్రవరి వచ్చింది, పోయింది. సంక్రాంతి కోళ్ళ గోలలో పడి మర్చిపోయాడని అమ్మ అంటాది. మర్చిపోలేదులే. ఆయనకి తేల్చుకోవడం ఇష్టం లేదు, గడువు అయిపోతే బావుణ్ణని చూశాడు."

"మరి ఎప్పుడైనా బాధపడ్డాడా?"

"పెదనాన్న పిల్లలు పారిస్ నుంచి వచ్చినప్పుడల్లా ఒక పూట అన్నం తినేవోడు కాదు. రెండో పూట తినేవోడు."

ఆ పొలం సగం 1986 వరదలో ఇసక మేటేసింది. మిగతాది 1996 నవంబర్ తుఫాను తర్వాత మావయ్యే అమ్మేశాడు.

పుదుచ్చేరిలో, కారైకాల్‌లో ఆ కాగితం మీద సంతకం పెట్టిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సైన్యంలో చేసినవాళ్ళకి పెన్షన్లు ఫ్రాన్సు నుంచి వచ్చాయి, పిల్లలకి యూరప్ దారి దొరికింది. యానాంలో వాళ్ళ సంఖ్య బాగా తక్కువ. ఫ్రెంచి సైన్యంలోకి, ఇండోచైనా ఉద్యోగాల్లోకి వెళ్ళింది ఎక్కువగా తమిళ ప్రాంతాల వాళ్ళే కావడం అందుకు ఒక కారణం. ఊరు చిన్నది కావడం, చుట్టూ ఉన్నవాళ్ళందరూ మన చుట్టాలే కావడం ఇంకో కారణం. ఇది నా అభిప్రాయం.

ఇక మన సంగతి. బెంటన్‌విల్‌లో ఏ పార్కులో ఇద్దరు తెలుగువాళ్ళు కలిసినా మూడో నిమిషంలో ఐ-140 గురించి మాట్లాడతారు. గ్రీన్ కార్డు వరస నువ్వు ఏ దేశంలో పుట్టావో దాన్ని బట్టి ఉంటుంది, ఏ దేశపు పాస్‌పోర్టు ఉందో దాన్ని బట్టి కాదు. ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకి ఏడాదికి ఏడు శాతం మించి ఇవ్వరు. అందుకే మనకి పదేళ్ళు దాటినా కదలదు. ఈలోగా పిల్లకి ఇరవై ఒకటి నిండితే అది మన ఫైలులోంచి బయటికి పడిపోతుంది. మా పెద్దదానికి పదహారు. నేను లెక్క వేసుకోని రోజు లేదు. పుట్టిన చోటు, ఆ రోజు ఉన్న చోటు, గడువు తేదీ. మా తాతయ్య జీవితాన్ని నిర్ణయించిన మూడు గళ్ళూ నా ఫారంలో కూడా ఉన్నాయి.

పౌరసత్వం వరకూ వచ్చినవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్న "అన్నా, ఊళ్ళో పొలం ఏమవుతుంది?" అని. అరవై ఏళ్ళ క్రితం యానాం అరుగు మీద అడిగిందీ ఇదే. కాబట్టి అరుగు మీద మాట కాకుండా, ఉన్నది చెప్తాను. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, ఓటు ఉండదు. ఓసీఐ ఉన్నవాళ్ళు కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు. కానీ ఇండియాలో ఉండగా కొనుక్కున్నది గానీ, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది గానీ ఉంచుకోవచ్చు. అమ్మాలనుకుంటే వ్యవసాయ భూమిని ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. ఇల్లు, ఫ్లాటు కొనడానికి ఇబ్బంది లేదు. మీ కేసులో మెలికలుంటే లాయరుని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

ఆర్కన్సా పోస్ట్ ఏమైందో చెప్పలేదు కదా. స్పెయిన్ 1800లో దాన్ని మళ్ళీ ఫ్రాన్సుకి ఇచ్చింది, నెపోలియన్ 1803లో అమెరికాకి అమ్మేశాడు. 1819లో ఆర్కన్సా టెరిటరీకి మొదటి రాజధాని అదే, రాష్ట్రంలో మొదటి పేపరు 'ఆర్కన్సా గెజెట్' మొదలైందీ అక్కడే. రెండేళ్ళకే, 1821లో, రాజధాని లిటిల్ రాక్‌కి వెళ్ళిపోయింది. 1863 జనవరిలో అంతర్యుద్ధపు ఫిరంగులు మిగిలింది కూల్చేశాయి. నది దారి మార్చుకుంది. పారిస్‌లోనూ మాడ్రిడ్‌లోనూ ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టినా అక్కడే ఉన్న క్వాపా వాళ్ళ చేత 1818లో, 1824లో ఒప్పందాల మీద సంతకాలు పెట్టించుకుని భూమంతా తీసుకున్నారు. వాళ్ళు ఇప్పుడు ఓక్లహామా ఈశాన్య మూలన ఉన్నారు. బెంటన్‌విల్ నుంచి గంటన్నర. వాళ్ళ పాత ఊరికి వెళ్ళడానికి నాకు ఐదు గంటలు పట్టింది, వాళ్ళని చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు. వచ్చే నెల వెళ్దామనుకుంటున్నాను, ఎవరైనా వస్తానంటే మెసేజ్ పెట్టండి, కారులో రెండు సీట్లున్నాయి.

యానాం మాత్రం ఉంది. 2022 జులైలో గోదారి మళ్ళీ వీధుల్లోకి వచ్చింది, మావయ్య వాళ్ళు మేడ మీద నాలుగు రోజులున్నారు. నీళ్ళు తీశాక కింది గదిలో పెట్టె తెరిచి చూశారట. తాతయ్య కాగితం నానిపోయి ముద్దైంది. ఆరబెట్టినా అక్షరాలు దక్కలేదు.

"పడేశారా మావయ్యా?"

"లేదురా, ఎందుకు పడేస్తాం. అటక మీద పెట్టా. నువ్వు ఎప్పుడొస్తున్నావ్? శ్రావణంలో రా, పులస ఉంటాది. ధర మాత్రం అడక్కు."

ఫోన్ పెట్టేశాక లెక్క చూసుకున్నా. వీసా స్టాంపింగ్ స్లాటు దొరికితే వెళ్ళాలి. దొరకలేదు ఇంకా.